ఖండ్వా దాటేదాకా

ధామణ్‌వాడి,
బొంబాయి,
9 జనవరి 1996

లల్‌మునీ వదినకు సోనమతి దండాలు.

నువ్వు పంపిన పండుమిరప పచ్చడి అయిపోయింది. జాడీ అడుగు కూడా రొట్టెముక్కతో తుడిచి తిన్నారు మా ఆయన. పైగా, "మీ అన్నయ్య మీదున్న కోపమంతా మీ వదిన ఈ మిరపకాయల్లో కూరి పంపింది" అన్నారు. నిజమేనా?

ఇలాంటివే ఇంకా నాలుగు రాద్దామని కూర్చున్నాను గాని చేయి సాగడం లేదు. వదినా, ఇక్కడ నాకు భయంగా ఉంది. తలుపు చప్పుడైతే పిల్లలిద్దర్నీ లాక్కుని వంటగదిలోకి పోతున్నాను. సుగ్గీకి తొమ్మిదేళ్ళు వచ్చాయి, దానికి అన్నీ అర్థమవుతున్నాయి. మా గుమ్మంలో జరిగినదంతా కళ్ళారా చూసింది. ఆ రోజునుంచి అన్నం సరిగ్గా తినడం లేదు.

ఏం జరిగిందో రాయలేను. రాయొద్దని ఆయన గట్టిగా చెప్పారు. ఈ ఉత్తరం పోస్టులో వేసేది కూడా ఆయనే.

కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంటాను. భయ్యాను పంపు. ఆయన రారు, గేదెల్ని వదిలి రాలేరు. భయ్యాకి మాత్రం ఏమీ చెప్పకు. చెబితే కర్ర పట్టుకుని వస్తాడు.

నీ సోనమతి


సిస్వాన్‌టోలా, బలియా జిల్లా, ఉత్తరప్రదేశ్,
17 జనవరి

మా ఆడపడుచుకు ముందు దీవెనలు, తర్వాత తిట్లు.

దీవెనలు నీకు, తిట్లు మీ ఆయనకు. నీ ఉత్తరం మొదటిసారి నవ్వుతూ చదివాను. రెండోసారి చదివేసరికి నవ్వు పోయింది. ఉత్తరం పోస్టు చేసేది ఆయనే అన్నావు చూడు, అక్కడ నాకంతా అర్థమైపోయింది. రామ్‌సకల్ చేయి చేసుకునే మనిషని నేనెప్పుడూ అనుకోలేదే! పెళ్ళిలో మేమంతా వరసపెట్టి తిట్ల పాటలు పాడుతుంటే చెవులు ఎర్రబడి తల దించుకు కూర్చున్నవాడు. బొంబాయి నీళ్ళు మనిషిని ఇంతగా మారుస్తాయా? అన్ని గేదెల మధ్య బతికేవాడికి ఇంట్లో మనిషి మీదే కొమ్ములు విసరాలనిపించిందా?

నువ్వు ధైర్యంగా ఉండు. అతనికి ఎదురు చెప్పకు. పిల్లల్ని దగ్గర పెట్టుకో.

మీ భయ్యాకి నేనేమీ చెప్పలేదు. "చెల్లెలికి ఇంటిమీద గాలి మళ్ళింది, వెళ్ళి తీసుకురండి" అన్నాను. అంతే, ఊరంతా చాటింపు వేసుకొచ్చారు. ఇరవై తొమ్మిదిన బయల్దేరి ఒకటో తారీకు మధ్యాహ్నం అక్కడ దిగుతారు. గులాబీరంగు తలపాగా ఉతికించారు. కర్రకు నూనె పట్టిస్తుంటే, "ఆడపిల్లను తీసుకురావడానికి కర్రెందుకు?" అన్నాను. "చేతిలో అది లేకపోతే నాకు నడక రాదు" అన్నారు. నీకోసం కొత్త బెల్లం, వేయించిన శనగల సత్తు పిండి మూటకట్టాను.

రైల్లో కాస్త హిందీలో మాట్లాడండి, నలుగురూ నవ్వుతారు అని కూడా చెప్పాను. "హిందీ పోలీసులతో మాట్లాడే భాష. మనుషులతో మన మాటే" అంటూ అక్కడికక్కడే పాట ఎత్తుకున్నారు. ఆయన గొంతు నీకు తెలుసుగా. సరయూ అవతల పడవవాడు తిరుగుపాట అందుకున్నాడు.

ఈ ఉత్తరం మీ ఆయన కంటపడనీయకు.

లల్‌మునీ


ధామణ్‌వాడి,
28 జనవరి

వదినా,

నీ ఉత్తరం నిన్న అందింది. చదివి నవ్వానో ఏడ్చానో తెలియదు. ఆయనకే చూపించాను. ఆయన చదివి, "మీ వదిన తప్పేం లేదు, నేనే రాయొద్దన్నాను" అన్నారు. మన ఊళ్ళో పరువు పోతుందని దాచారు వదినా, అంతకుమించి ఏమీ లేదు. ఆయన నా మీద చేయి కాదు గదా, గొంతు కూడా ఎత్తలేదు. నేను భయపడేది ఆయనకు కాదు.

అంతా రాస్తాను. ఇక్కడ కొందరు కుర్రాళ్ళు మనవాళ్ళని వెతికి వెతికి కొడుతున్నారు. "మా పనులు, మా చోటు లాక్కుంటున్నారు, మీ ఊరు మీరు పోండి" అంటున్నారు. టాక్సీ తోలేవాళ్ళని, కూరగాయల బండ్లవాళ్ళని, పాలవాళ్ళని. మనం అన్నయ్యను నోరారా పిలిచే మాట ఉందే, ఈ ఊళ్ళో అది తిట్టు. మనవాళ్ళెవరు కనిపించినా "ఏయ్ భయ్యా" అంటారు. ఇంతకాలం వేళాకోళంగా అనేవారు. ఇప్పుడు ఆ మాట వినిపిస్తే మనవాళ్ళు పరిగెడుతున్నారు.

కొత్త సంవత్సరం మొదట్లో మా గుమ్మంలోకి వచ్చారు. పాల క్యాన్లు తన్నేశారు. అడ్డం వెళ్ళినందుకు ఆయన చేయి విరగ్గొట్టారు. ఆ పాలన్నీ వీధి చివరిదాకా పారాయి. కుక్కలు కూడా భయపడి ముట్టలేదు.

పక్కింటి శేవంతాబాయి లేకపోతే మేమేమై పోయేవాళ్ళమో. ఆమె మరాఠీ మనిషి, మిల్లులో పనిచేసి రిటైరైంది. వాకిట్లో నిలబడి వాళ్ళ తల్లుల పేర్లు పెట్టి తిట్టి పంపింది. మర్నాడు నన్ను కూర్చోబెట్టి, పాపిటంతా ఉండే సింధూరం తుడిచి చిన్న బొట్టు పెట్టింది. కొంగు కుడి భుజం మీంచి ముందుకు వేసుకునేదాన్ని కదా, తీసి ఎడమ భుజం మీంచి వెనక్కి వేసింది. "నోరు తెరవకుంటే నువ్వు మా పిల్లవే" అంది. అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయి ఆడది.

భయ్యాను ఆపు వదినా. ఆ తలపాగాతో, ఆ కర్రతో, ఆ గొంతుతో ఇక్కడ దిగితే ఏమవుతుంది? ఇవాళే టెలిగ్రాం కూడా ఇస్తున్నాను. అది ముందు అందితే చాలు.

సోనమతి


ధామణ్‌వాడి,
2 ఫిబ్రవరి

వదినా,

టెలిగ్రాం అందిందో లేదో తెలియక నిన్న స్టేషన్‌కు వెళ్ళాను. శేవంతాబాయి తోడు వచ్చింది. దారిపొడుగునా ఒకటే చెప్పింది. "అతను కనిపిస్తే దగ్గరికి వెళ్ళి చేయి పట్టుకో. కేక మాత్రం వెయ్యకు."

రైలు వచ్చింది. దిగేవాళ్ళలో ఎక్కడా గులాబీ తలపాగా లేదు. హమ్మయ్య, రాలేదు, టెలిగ్రాం అందింది అనుకున్నాను. అంతలో వెనక పెట్టెలోంచి వట్టి తలతో, చేతిలో కర్ర లేకుండా, చంకలో మూట పెట్టుకుని దిగాడు. అంత చిన్నగా కనిపించాడు వదినా, ఎవరో వదిలేసి పోయిన పిల్లాడిలా. మూడేళ్ళ తర్వాత చూడడం. నాకు ఒళ్ళు తెలియలేదు. "భయ్యా!" అని అరిచాను.

స్టేషనంతా ఇటు తిరిగినట్టయింది. భయ్యా కూడా తిరిగాడు. నా ముఖంలోకి చూశాడు. చూశాడు వదినా, నేను అబద్ధం చెప్పడం లేదు. చూసి, కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, మొహం తిప్పుకుని వంతెన మెట్లవైపు పోయాడు. నేను వెంటపడబోతే శేవంతాబాయి నా చేయి విడవలేదు. తర్వాత ఎంత వెతికినా కనబడలేదు.

నా మీద కోపమా? నా పాపిట చూసి, కొంగు చూసి అసహ్యం వేసిందా? సింధూరం తుడుచుకున్నదాన్ని చెల్లెలనడం నామోషీ అనుకున్నాడా? లేక నువ్వు ఏమైనా చెప్పి పంపావా? ఇల్లు చేరాడేమో, చేరితే ఒక్క ముక్క రాయి. ఎంత కోపంగా ఉన్నా ఫరవాలేదు, చేరితే చాలు.

సోనమతి


సిస్వాన్‌టోలా,
10 ఫిబ్రవరి

సోనమతీ,

ఆయన ఇరవై తొమ్మిది పొద్దున్నే వెళ్ళిపోయారు. నీ టెలిగ్రాం మర్నాడు వచ్చింది. ఉత్తరాలు రెండూ తర్వాత వచ్చాయి. మీ భయ్యా ఇంటికి రాలేదు.

నేనేం చెప్పి పంపుతానే? నాకేం తెలుసని? నీ మొదటి ఉత్తరంలో ఈ సంగతి ఒక్క వరస రాసి ఉంటే ఆయన్ని గుంజకు కట్టేసైనా ఆపేదాన్ని. పరువంటావు. మీ ఆయన పరువు మీ గుమ్మంలో భద్రంగా ఉంది, నా మనిషి ఎక్కడున్నాడు?

ఇలా రాసినందుకు ఇప్పుడే నా చేయి విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది. ఆ తిట్టు కొట్టివెయ్యకుండా అలాగే వదిలేస్తున్నాను. నీ మీద కాకపోతే ఎవరి మీద అరవను?

ఒకటి మాత్రం నేను నమ్మను. నీ పిలుపు విని ఆయన మొహం తిప్పుకోరు. నువ్వు సింధూరం తుడుచుకున్నా, గుండు గీయించుకున్నా తిప్పుకోరు. నువ్వు వేరెవరినో చూసి ఉంటావు. లేకపోతే ఆయన తలకు దెబ్బ తగిలి, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితిలో ఉండి ఉంటారు. ఈ రెంటిలో ఏది కోరుకోవాలో నాకే తెలియడం లేదు.

పక్క ఊరికి ఇద్దరు బొంబాయినుంచి కట్లతో తిరిగొచ్చారు. వాళ్ళని అడగడానికి వెళ్ళాను. ఒకడు, రైళ్ళలోంచి లాగి కొడుతున్నారన్నాడు. రెండోవాడు నన్ను చూసి మాట మార్చేశాడు. ఆ మాట మార్చడం చూశాక ఇంటిదాకా ఎలా నడిచొచ్చానో గుర్తులేదు. ఇరుగుపొరుగు అడిగితే "చెల్లెలింట్లో పెరుగన్నం తింటూ కూర్చున్నారు, ఇప్పట్లో కదలరు" అని నవ్వుతున్నాను. ఆ నవ్వు నాకే వినబుద్ధి కావడం లేదు.

వెతకండి. మీ ఆయన్ని పంపు. చేయి విరిగినా కాళ్ళున్నాయి కదా.

లల్‌మునీ


ధామణ్‌వాడి,
18 ఫిబ్రవరి

వదినా,

నువ్వు తిట్టింది న్యాయమే. ఇంకా తిట్టు.

ఆయన చేతికి కట్టుతోనే తిరుగుతున్నారు. కాని నోరు విప్పి అడిగితే ఎక్కడివాడో తెలిసిపోతుంది, విప్పకపోతే ఎలా అడగాలి? అందుకని శేవంతాబాయి ముందు నడుస్తోంది, ఆయన రెండడుగులు వెనక. ఆసుపత్రులన్నీ చూశారు. ఒకచోట గుర్తు తెలియని మనిషి శవం ఉందన్నారు. ఆయన లోపలికి పోలేకపోయారు. "నువ్వుండు నాయనా" అని శేవంతాబాయి వెళ్ళింది. వాళ్ళు వచ్చేదాకా నేనిక్కడ పిండి కలుపుతూ కూర్చున్నాను. కలుపుతూనే ఉన్నాను. ఆమె గుమ్మంలోకి వస్తూనే, "కాదు! పాపం, ఎవరి బిడ్డో, మీవాడు మాత్రం కాదు" అని కేకేసింది. సంతోషించాను వదినా. ఎవరో చచ్చిపోతే సంతోషించాను.

నిన్న ఇంకో సంగతి తెలిసింది. స్టేషన్ మెట్ల దగ్గర కొత్తిమీర అమ్మే ఒకామె శేవంతాబాయికి తెలుసు. ఆ రోజు జరిగింది ఆమె చూసింది. నా వెనకే నలుగురు కుర్రాళ్ళు నిలబడి ఉన్నారట. నేను అరిచేసరికి ఒకడు, "ఎవర్రా ఆ భయ్యా? పలుకుతాడు, చూడండి" అన్నాడట. వాళ్ళు నన్ను చూడడం లేదు. పలికేవాడి కోసం చూస్తున్నారు.

నాకు వాళ్ళు కనిపించలేదు వదినా, నా వీపు వెనక ఉన్నారు. భయ్యాకి నేనూ కనిపించాను, వాళ్ళూ కనిపించారు.

వంతెన మీదికి పోతున్న మనిషి వెంట ఆ నలుగురూ వెళ్ళారట. తర్వాత ఏమైందో ఆమెకు తెలియదు. అవతల ఉల్లిపాయల లారీలు ఆగే చోటు. అక్కడా అడిగాం. ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

నీకు ఏ మొహంతో రాయను?

సోనమతి


సిస్వాన్‌టోలా,
27 ఫిబ్రవరి

సోనమతీ, నా తల్లీ,

మీ భయ్యా వచ్చారు. ఉన్నారు. ఇప్పుడు వాకిట్లో ఎండలో కూర్చున్నారు, నేను చూస్తూ రాస్తున్నాను.

మొన్న మధ్యాహ్నం గడ్డి కోసుకొస్తుంటే మన దూడ దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. బిచ్చగాడనుకుని, "వెళ్ళి ముందు గుమ్మంలో అడుగు" అన్నాను. తిరిగారు. గడ్డిమోపు ఎక్కడ పడేశానో తెలియదు. ముందు పళ్ళు రెండు లేవు. భుజం ఎముక విరిగి అతుక్కుంది, కాస్త వంకరగా. మిగతా మనిషంతా ఉన్నాడు.

ఏం జరిగిందో ఒక్కసారిగా చెప్పలేదు. అన్నం తింటూ ఒక ముక్క, చేయి కడుక్కుంటూ ఒక ముక్క. మన్మాడ్ దాటాక రైల్లో ఎవరో చెప్పారట, తలపాగా తీసెయ్యి, కర్ర పారెయ్యి, నోరు మూసుకో అని. ఆయన పారేశారు. అది చెప్పేటప్పుడు మాత్రం నావైపు చూడలేదు.

"మరి అది పిలిస్తే పలకలేదేం?" అన్నాను. "పలికితే దాని పక్కన నిలబడాలి. నిలబడితే దాన్నీ చూస్తారు" అన్నారు. ఆ తర్వాత, "కొంగు వేరేలా వేసుకుందే! చక్కగా ఉంది. ఎవరూ పోల్చలేరు" అన్నారు. అసహ్యమట! విన్నావా?

వంతెన అవతల పట్టుకున్నారు. పేరు చెప్పు, ఊరు చెప్పు, ఇది చదువు, అది పలుకు అన్నారట. ఏం పలికినా దొరికిపోతానని మూగవాడిలా నటించారు. మన ఊరి రచ్చబండ మీద నోరు మూయించలేక మనం చచ్చే మనిషి! కొడుతుంటే కూడా అరుపు బయటికి రానీయలేదట. చివరికి వాళ్ళలో ఒకడు "నిజంగా మూగాడ్రా, వదిలెయ్" అన్నాడట.

దగడూ అని ఒక లారీ డ్రైవరు, మరాఠీవాడే, ఉల్లిపాయల బస్తాల మధ్య పడుకోబెట్టి నాసిక్ అవతల తన ఊరికి తీసుకుపోయాడు. వాళ్ళమ్మ పసుపు పట్టువేసి, జొన్నరొట్టె పాలలో నానబెట్టి తినిపించింది. అంత చేసినా మీ భయ్యా భయంతో నోరు విప్పలేదు. వాళ్ళింట్లోనూ మూగవాడే. కాస్త నడవగలిగాక రైలెక్కించబోతుంటే ఆ ముసలమ్మ కాళ్ళకు దండం పెట్టి, ఆగలేక, మన మాటలోనే "అమ్మా, వెళ్ళొస్తా" అన్నారట. ఆమె ఏమందో తెలుసా?

"మాట్లాడావా మూగోడా! నీకు నోరుందని వచ్చిన రోజే తెలుసు. నిద్దట్లో ఒకటే వాగుడు. మిగతాదేం అర్థం కాలేదు గాని, లల్‌మునీ ఎవరు?"

పెళ్ళయి పదకొండేళ్ళయింది. ఆయన నోట నా పేరు నేను వినలేదు. "ఏమే", "ఇదిగో", అంతే కదా మన ఇళ్ళలో. నా పేరు ఆయన గొంతులో ఎలా ఉంటుందో ఉల్లిపాయల ఊరి ముసలమ్మకు తెలుసు, నాకు తెలియదు. కోపంతో వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఇప్పుడు మాట్లాడుతున్నారు గాని మెల్లిగా. పాట లేదు. నిన్న బజారులో ఎవరో వెనకనుంచి "జోఖన్ భయ్యా" అని పిలిస్తే నడక ఆపకుండా పోయారు. పిలిచినవాడు మా ఇంటికొచ్చి చెవుడు వచ్చిందా అని అడిగాడు.

నువ్వింకా అక్కడే ఉన్నావని ఆయనకు నిద్ర పట్టడం లేదు. ఇవాళ పొద్దున, "ఖండ్వా దాకా వెళ్తాను. అక్కడికి వాళ్ళు రాగలిగితే అక్కడినుంచి నేను తీసుకొస్తాను. దానికి అవతల మహారాష్ట్ర, అక్కడ ఆ రైల్లో కూర్చోలేనే" అన్నారు. ఎవరికీ భయపడనని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి తలొంచుకుని ఆ మాట అన్నారు. నేను ఎదురు మాట్లాడలేదు. "నేనూ వస్తాను" అన్నాను. బలియా దాటి ఎరగను నేను, నాకు మాత్రం భయం లేదా? ఇద్దరం భయపడుతూ కూర్చుంటే దారి తరుగుతుంది.

రోజు చెప్పు. నువ్వు ఖండ్వాలో దిగి వెతక్కు. కిటికీ దగ్గర కూర్చో. ప్రతి పెట్టె నేను చూసుకుంటాను.

లల్‌మునీ


ధామణ్‌వాడి,
7 మార్చి

వదినా,

నీ ఉత్తరం ఆయన చదివి వినిపించారు. సగంలో కాగితం నా చేతికిచ్చారు, మిగతా సగం నేను చదివాను. శేవంతాబాయికి మరాఠీలో చెప్తుంటే, ముసలమ్మ అడిగిన మాట దగ్గర పడీపడీ నవ్వి, తర్వాత ముక్కు చీది, "మాలో మనుషులు కూడా ఉన్నారని మీవాళ్ళకి రాయి" అంది. రాశాను.

ఇరవై రెండో తేదీ సాయంత్రం బండికి బయల్దేరుతున్నాం. భుసావళ్ దాకా శేవంతాబాయి తోడు వస్తుంది, అక్కడ వాళ్ళక్క ఉంది. ఖండ్వాకు మర్నాడు తెల్లవారేవేళకు వస్తాం. ఆయన ఇక్కడే ఉంటారు. ఎన్ని చెప్పినా వినలేదు. "గేదెలకేం తెలుసు, ఎవరిది ఏ ఊరో? వేళకి పిండకపోతే అరుస్తాయి" అంటున్నారు. ఒంటిచేత్తో పిండడం నేర్చుకున్నారు. నేను వెళ్ళాక ఎవరైనా తలుపు కొడితే ఎవరు తీస్తారు? ఆ సంగతి ఆయనా అనరు, నేనూ అనను.

వీధిలో ఇప్పుడు కాస్త నెమ్మదిగా ఉంది. ఆ నెమ్మదిని నమ్మాలని లేదు.

పిల్లదానికి నేర్పుతున్నాను. ఖండ్వా దాటేదాకా ఎవరేమడిగినా మరాఠీలో జవాబు చెప్పాలి. తమ్ముడితో కూడా అదే మాట్లాడాలి. నన్ను అమ్మా అని కాక, వాళ్ళలా ఆయీ అనాలి. నేను నోరు విప్పను, ఎవరైనా అడిగితే అమ్మకు గొంతు బాగాలేదని చెప్పాలి. ఖండ్వాలో మామయ్య, అత్తయ్య ఎక్కుతారు, అప్పటినుంచి ఇంట్లో మాట్లాడే మాట మాట్లాడుకోవచ్చు. అన్నీ అప్పజెప్పింది, ఎక్కడా తడబడలేదు. అంతా అయ్యాక అడిగింది.

"ఇంట్లో మాట్లాడే మాటకి పేరేంటమ్మా? మరాఠీకి మరాఠీ అని ఉంది కదా."

పుట్టిననాటి నుంచి దాన్ని ఆ మాటలతోనే లాలించాను, ఆ మాటలతోనే తిట్టాను. పేరు చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. బడిలో అడిగితే హిందీ అని చెప్పమనేవాళ్ళం.

లేచి వెళ్ళి వీధివైపు కిటికీ మూశాను. గడియ పెట్టాను. వచ్చి దాని చెవిలో చెప్పాను.

"భోజ్‌పురి."

"భోజ్‌పురి!" అంది అది, ఇల్లంతా మోగేలా, వాళ్ళ మామయ్య గొంతుతో. గబుక్కున దాని నోరు మూశాను. నా అరచేతి కింద దాని పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

సోనమతి